తీసింది నానే, ఏటి పోయింది?

గురుబారి మామ్మకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. అరకు లోయలో ఎక్కడ ఏ వస్తువు పోయినా, తీసింది తనే అంటుంది. అదీ, పోయిందేమిటో తెలుసుకోకముందే అంటుంది. సంతలో ఎవరిదో కోడి పోయిందని నలుగురు పోగైతే చాలు, చేతికర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళి మధ్యలో నిలబడి, "తీసింది నానే. ఏటి పోయింది బాబూ?" అని అడుగుతుంది.

కోడి సరే. కోడిని ఓ ముసలమ్మ చీర కొంగులో దాచగలదని ఒప్పుకుందాం. రైల్వే వాళ్ళ రాగితీగ చుట్ట పోయినప్పుడు కూడా ఆవిడే. పెళ్ళిలో డీజే బాక్సు పోయినప్పుడు, నలుగురు మోస్తే గాని లేవని బాక్సు, అదీ ఆవిడే. బొర్రా గుహల దగ్గర ఎవరో కుర్రాళ్ళు ఎగరేసిన డ్రోన్ తిరిగి రాకపోతే, అదీ ఆవిడే. డ్రోన్ అంటే ఏమిటో ఆవిడకి తెలీదు. తీసినవాళ్ళకి పేరు తెలియాలని రూలేమైనా ఉందా?

"ఎక్కడ దాచావు మామ్మా?" అని హెడ్డు కానిస్టేబులు పైడయ్య ప్రతిసారీ అడుగుతాడు, ఉద్యోగధర్మం కనక.

"తినీసేను" అంటుంది ప్రతిసారీ, నోట్లో మిగిలిన రెండు పళ్ళూ చూపించి.

"డ్రోనా?"

"ఉడకెట్టుకున్నాను. గట్టిగుంది."

ఈ జబ్బు వల్ల అందరికన్నా ఎక్కువ బాధపడ్డవాడు ధనుంజయ్. డుంబ్రిగుడ నుంచి అరకు దాకా సర్వీసాటో నడుపుతాడు. మామ్మ వాళ్ళ పక్కిల్లే. చిన్నప్పుడు ఆవిడ చేతి అంబలి తాగి పెరిగాడు గనక ఆవిడ ఆటో ఎక్కితే దిగమనలేడు. ఎక్కిందంటే పోలీసు స్టేషను దగ్గర ఆపమంటుంది. మామ్మ ఇదంతా స్టేషన్లో పోసే టీ కోసమే చేస్తోందని ధనుంజయ్‌కి గట్టి నమ్మకం. పైడయ్య టీతో పాటు ఉల్లిపకోడీ కూడా తెప్పిస్తాడు మరి. పకోడీ నమలడానికి ఆవిడకి గంట పడుతుంది. ఆ గంటా బయట ఆటోలో జనం ధనుంజయ్ ఏడు తరాలనీ తలుచుకుంటూ ఉంటారు.

ఓసారి దారికి అడ్డంగా మేక ఉరికింది. ధనుంజయ్ బ్రేకు తొక్కి, "ఓసి దొంగ మేకా!" అన్నాడు. అంతే. వెనక సీట్లోంచి చేతికర్ర వచ్చి వీపు మీద పొడిచింది.

"ఆపు. ఏటి పోయింది?"

"ఏటీ పోనేదు మామ్మా. మాట వరసకన్నాను."

"పోనప్పుడు ఆ మాటెందుకొచ్చింది?"

"అందరూ అంటారు కదేటి. దొంగ నిద్ర అంటారు, దొంగ దగ్గంటారు, దొంగ సూపంటారు..."

"దగ్గు ఎవుడింట్లోంచి ఎత్తుకొచ్చేరురా?"

ఆటోలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మామ్మ నవ్వలేదు. ఆ మాట ఎలా పుట్టిందో చెబితే గాని ఆటో కదలడానికి వీల్లేదంది. ఇంజను ఆపించింది. రోడ్డు మీద మేక కూడా నిలబడి వింది.

"పూర్వం కొండ మీద ఆ మాట నేదు. ఎలుగ్గొడ్డు తేనె తాగీసిందనుకో, ఎలుగు తాగింది అనేవోళ్ళం. పక్కూరోడు మన సేలో కందికాయ తింటే, ఆకలేసింది కాబోలు అనేవోళ్ళం. అక్కడ తింటే తప్పునేదు, మూట కట్టుకెల్తే అడిగేవోళ్ళం. అంతే. అలాగుంటే ఒకడు వొచ్చి కంచె ఏసేడు. కంచేసినోడికి కాపలా కావాల. కుక్కని కట్టేద్దామంటే తిండి పెట్టాల కదా, పీనాసి ముండాకొడుకు. అందుకని కుక్కకి బదులు ఆ మాటని కట్టేసేడు. ఇప్పటికీ అది కంచె కాడే ఉంది. ఎవుడు దగ్గిరికొస్తే వోడ్ని కరుస్తాది, కట్టినోడ్ని తప్ప. ఇప్పుడు సెప్పు, ఆ మేక ఏం సేసిందని దాని మీదకి ఉసిగొలిపేవు?"

"తప్పయిపోయింది మామ్మా."

"నాకు కాదు, మేకకి సెప్పు."

చెప్పాడు. చెప్పకపోతే ఆటో కదలదు. ఆ తర్వాత వారం రోజులు ఆ లోయలో ఎవరు ధనుంజయ్‌ని చూసినా "మే" అని అరిచారు.

హెడ్డు పైడయ్య ఆవిడతో వాదించి గెలవాలని చాలాసార్లు ప్రయత్నించాడు. విజయనగరం వైపు మనిషి, కుర్రతనంలో నాటకాల్లో పద్యాలు పాడినవాడు, భాష మీద పట్టుందని చిన్న గర్వం. ఓరోజు టీ గ్లాసు ఆవిడ చేతికిచ్చి, "దొంగ, చోరుడు, తస్కరుడు, ముచ్చు... ఇందులో నువ్వు ఏ రకం మామ్మా?" అని మీసం దువ్వుకున్నాడు.

మామ్మ టీ ఊదుకుని తాగి, "ఓలమ్మో, ఆ ఒక్కదానికి ఇన్ని పేర్లేటి బాబూ! మాకు దుంపలకున్నాయి ఇన్ని పేర్లు. ఏది ఎక్కువ పండితే దానికే కదా ఎక్కువ పేర్లు పెట్టుకుంటాం. మీ పక్క ఇయ్యే బాగా పండుతాయేటి?" అంది.

పైడయ్యకి పొలమారింది. ఆ రోజు పకోడీ తెప్పించలేదు.

ఇదంతా నవ్వులాటగా సాగిపోతుండగా మబ్బులమేడ రిసార్టులో ఉంగరం పోయింది.

కాఫీ పళ్ళు ఎర్రబడే రోజులు. లోయ నిండా టూరిస్టులే. రాజమండ్రి నుంచి వచ్చిన సత్యకుమారి గారనే ఆవిడది, కెంపు పొదిగిన ఉంగరం, ఉదయం చూసుకుంటే లేదు. గదిలోకి వెళ్ళింది ఊడ్చి, దుప్పట్లు మార్చే చిట్టి ఒక్కతే. చిట్టి ధనుంజయ్‌కి వరసకి చెల్లెలు. నోట్లో నాలుక లేని పిల్ల. రిసార్టులో గదుల తాళాల గుత్తి నడుముకి కట్టుకుని తిరిగే ఉద్యోగం రెండేళ్ళు కష్టపడి సంపాదించుకుంది. ఆ గుత్తి గలగలలాడించుకుంటూ ఊళ్ళోకి వస్తే, తహసీల్దారు గారు వచ్చినట్టు పిల్లలు పక్కకి తప్పుకునేవారు.

మేనేజరు ఫణీంద్ర ఆ గుత్తి లాగేసుకున్నాడు. గెస్టులందరి ముందూ సంచీ విప్పించాడు. సత్యకుమారి గారు వరండాలో నిలబడి ఆ మాట అననే అంది. "దొంగపిల్లని పెట్టుకున్నారేమిటండీ పనిలో!"

చిట్టి ఏడుస్తూ ధనుంజయ్‌కి ఫోన్ చేసింది. "అన్నా, నన్ను... నన్ను..." అంటోంది గాని ఆ మాట పైకి రావడం లేదు.

ఆ మాట పడ్డ పిల్లని లోయలో ఇంకే రిసార్టూ గుమ్మం ఎక్కనివ్వదు. అది ధనుంజయ్‌కి తెలుసు. ఆటో పక్కకి తీసి ఆపేశాడు. సంతకని ఆటోలో కూచున్న మామ్మ చేతికర్ర వీపు మీద పడింది.

"ఏట్రా?"

చెప్పాడు.

"బేగి తిప్పు" అంది మామ్మ.

రిసార్టు రిసెప్షన్లో తెల్లటి సోఫా ఉంది. దాని మీద గెస్టులు తప్ప కూచోకూడదు. గురుబారి మామ్మ మట్టికాళ్ళతో వెళ్ళి దాని మధ్యలో కూచుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుంది.

"తీసింది నానే. ఏటి పోయింది బాబూ?"

ఫణీంద్ర తెల్లబోయాడు. "ఎవరండీ మీరు?"

"దొంగని. రాసుకో."

అప్పటికే సత్యకుమారి గారి భర్త ఫోన్ చేస్తే వచ్చిన హెడ్డు పైడయ్య నెత్తి కొట్టుకున్నాడు. "మామ్మా, ఇది బంగారం. కోడి కాదు. నవ్వులాట కాదు."

"నవ్వుతున్నానేటి?"

"ఉంగరం ఎక్కడుంది?"

"తినీసేను."

"సార్, ఈవిడకి మతి స్థిమితం లేదు. పంపించేయండి" అన్నాడు ఫణీంద్ర.

"నాను ఒప్పుకుంటే మతినేదంటావు, ఆ పిల్ల కాదని ఏడుత్తుంటే దొంగంటావు. నీకు మనుషుల మాట కావాలా, నీకు నచ్చిన మనిషి కావాలా?"

పైడయ్య గోడ మీద క్యాలెండరు చూశాడు. మామ్మ సోఫాలోంచి లేవనంది. లేపడానికి ఎవరూ ముందుకు రాలేదు. లేపితే వీడియో తీద్దామని ఇద్దరు గెస్టులు అప్పటికే ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

"పోనీ నన్ను నమ్మరు. అయితే ఊకకుప్ప ఎయ్యండి" అంది మామ్మ.

కొండూళ్ళలో వస్తువు పోతే చేసే పని అది. చుట్టుపక్కల ఉన్నవాళ్ళందరూ తలో గంపెడు సామ ఊక తీసుకుని, పైన గుడ్డ కప్పి, ఒక్కొక్కరే చాటుకి వెళ్ళి ఒకే కుప్పలో పోసి రావాలి. ఎవరి గంపలో ఏముందో ఎవరూ చూడకూడదు. అందరిదీ అయ్యాక కుప్పని చేటలతో చెరుగుతారు. పోయింది దొరుకుతుంది. ఎవరు తెచ్చారని అడగడం ఉండదు. ఎవడైనా అడిగితే వాడితో ఆ ఏడాది ఎవరూ మాట్లాడరు. ఇందులో ఓ వింత నియమం కూడా ఉంది. వస్తువు పోగొట్టుకున్నవాళ్ళు కూడా గంప పోయాలి. వాళ్ళు పోయకపోతే కుప్ప చెల్లదు.

"మేమెందుకు పోయాలి? పోయింది మాది!" అంది సత్యకుమారి గారు.

"అదే పద్ధతమ్మా" అంది మామ్మ.

ఫణీంద్ర కుదరదని ఇంగ్లీషులో చెప్పాడు. ఈలోగా హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడొకడు చెయ్యెత్తి, "బ్రో, ఈ ట్రైబల్ యాక్టివిటీ ప్యాకేజీలో ఉందా, ఎక్స్‌ట్రానా?" అని అడిగాడు. వెనక ఇంకో నలుగురు క్యూ కట్టారు. పైడయ్య చటుక్కున, "ప్యాకేజీలోదే. గంపలు తెండి" అన్నాడు.

ధనుంజయ్ ఆటో వేసుకెళ్ళి ఊళ్ళోంచి ఊక బస్తాలు తెచ్చాడు. మామ్మ కూడా వెంట వచ్చి, ఎవరింట్లో ఊక పొడిగా ఉందో చూపించింది. బస్తా ఎత్తుతూ అడిగాడు, చాలా ఏళ్ళుగా అడగాలనుకున్నదే.

"నీకెందుకు మామ్మా ఇదంతా? లోయంతా నిన్ను పిచ్చిదంటున్నారు."

మామ్మ బస్తా మూతి కట్టింది. "ఆ మాట ఒకపాలి గొలుసు తెంపుకొచ్చిందంటే ఎవుర్నో ఒకర్ని కరవకుండా పోదురా. సిట్టిని కరిసిందనుకో, బతికినన్నాళ్ళూ ఆ గాటు కనపడతాది. దాని పిల్లలకీ కనపడతాది. నన్ను కరిత్తే దానికేటి దొరుకుతాది? ఎముకలు. ఈ ఎముకలు ఇంక దేనికి పనికొత్తాయి సెప్పు, ఇలాటివోటికి కాపోతే."

ఇన్నేళ్ళూ పకోడీ కోసమనుకున్నాడు ధనుంజయ్, వెధవ. బస్తా భుజానికెత్తుకున్నాడు.

మబ్బులమేడ వెనక వంటషెడ్డులో కుప్ప మొదలైంది. వంటవాళ్ళు పోశారు. తోటమాలి పోశాడు. గెస్టులు సెల్ఫీ తీసుకుని మరీ పోశారు. ఫణీంద్ర గంపని పిల్లిని మోసినట్టు ఒంటికి దూరంగా పట్టుకుని వెళ్ళి పోసి వచ్చాడు. పైడయ్య టోపీ తీసి పోశాడు. చిట్టి ముక్కు చీదుకుంటూ పోసింది. సత్యకుమారి గారు ఒక్కతే మిగిలింది. గదిలోకి వెళ్ళి పర్సు తెచ్చుకుని, చాలాసేపు షెడ్డులో ఉండి వచ్చింది. ఊక దుమ్ము పడిందేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

చెరగడం మొదలుపెట్టారు. చేట మొదటి దెబ్బకే టంగుమని ఏదో పడింది. స్టీలు చెంచా. రిసార్టుదే. తర్వాత ఇంకో చెంచా, టీవీ రిమోటు, షాంపూ సీసాలు, రిసార్టు పేరు కుట్టిన తువ్వాళ్ళు రెండు, రిసెప్షన్ బల్ల మీద ఉండాల్సిన ఇత్తడి గంట. గెస్టులందరూ ఒక్కసారిగా కొండల అందం చూడటంలో మునిగిపోయారు. ఆ తర్వాత మడత గొడుగొకటి వచ్చింది. "ఇది నాదే! వర్షాకాలంలో పోయింది!" అని వంటవాడు ఎగిరి గంతేశాడు. ఫణీంద్ర ఏదో ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని పక్కకి వెళ్ళాడు. ఫోను మోగలేదు.

ఆఖర్న కెంపు ఉంగరం.

అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. ఊక ముక్కుల్లోకి పోయి అందరూ ఒక్కసారి తుమ్మారు. చిట్టి మొహం వెలిగింది.

"దొరికింది కదా, సంతోషం" అన్నాడు ఫణీంద్ర. "కాని చిట్టీ, రేపట్నుంచి నువ్వు రావద్దులే. ఒకసారి పేరొచ్చాక గెస్టులు ఇబ్బంది పడతారు."

మామ్మ కర్ర నేల మీద కొట్టింది. "ఏ పేరొచ్చిందిరా? దొంగని నానన్నాను కదేటి!"

"మీరు తీయలేదని అందరికీ తెలుసండీ."

"అయితే అది తీసిందని నీకు తెలుసా?"

"తెలీదు."

"ఆ కుప్పలో గంప పొయ్యనోడు ఎవుడున్నాడిక్కడ? పోసినోళ్ళందర్నీ మానిపించు. నువ్వూ మానీ. గొడుగోడివి!"

ఫణీంద్ర మొహం కెంపు కన్నా ఎర్రబడింది. అయినా పట్టు వదల్లేదు. "మేనేజ్‌మెంట్ డెసిషన్" అన్నాడు. తాళాల గుత్తి జేబులో వేసుకున్నాడు. చిట్టి మళ్ళీ తల దించేసుకుంది.

"నాను ఇక్కణ్ణించి కదల్ను" అంది మామ్మ. ఊకకుప్ప మీదే చతికిలబడింది. "ఈ సిట్టిగుంటకి తాళాలిచ్చినదాకా కదల్ను. వానొచ్చినా కదల్ను. వొచ్చినోళ్ళందరికీ సెప్తాను, నాను దొంగని, ఈ రిసార్టులోనే ఉంటన్నానని. రానీ నీ గెస్టుల్ని."

అప్పుడు సత్యకుమారి గారు మెల్లగా వచ్చి మామ్మ పక్కన వంగింది. ఎవరికీ వినపడకుండా, "మామ్మగారూ... ఉంగరం..." అంది.

ధనుంజయ్ వెనకే నిలబడ్డాడు. అతనికి వినపడింది.

"ఉంగరం నా పౌడరు డబ్బాలోనే ఉందండీ. నేనే పెట్టి మర్చిపోయాను. మీరు ఊక తేవడానికి వెళ్ళినప్పుడు చూసుకున్నాను. అంతమంది ముందు అన్నేసి మాటలన్నాక ఎలా చెప్పను... అందుకే గంపలో వేసి ఊకతో పోసేశాను."

ధనుంజయ్‌కి అప్పుడు అర్థమైంది, పోగొట్టుకున్నవాళ్ళు కూడా గంప పోయాలన్న నియమం ఎందుకుందో. వాళ్ళకీ తల ఎత్తుకుని ఇంటికెళ్ళే దారి ఒకటి ఉంచారు పెద్దవాళ్ళు. మామ్మ కాపాడుతున్నది చిట్టి ఒక్కదాన్నే అనుకున్నాడు ఇంతసేపూ.

మామ్మ సత్యకుమారి గారి మొహం చూసింది. చెయ్యి పట్టుకుని, "నాకు సెవుడమ్మా. ఇనపడదు. నువ్వెల్లిపో" అంది, మెత్తగా.

సత్యకుమారి గారు చిట్టి వైపు చూసింది. "ఉంగరం నా డబ్బాలోనే ఉందండీ" అంది, కాస్త గట్టిగా.

"ఏటీ?"

"నా డబ్బాలో!"

"సెవుడమ్మా!"

"ఉంగరం నా పౌడరు డబ్బాలోనే ఉంది! ఆ పిల్ల తియ్యలేదు! నేనే నోరు పారేసుకున్నాను!"

వంటషెడ్డు, తోట, వరండా, అన్నీ విన్నాయి. కొండ కూడా వినే ఉంటుంది, ఓసారి తిరిగి అంది. సత్యకుమారి గారు ఇంక ఆగలేదు. నేరుగా ఫణీంద్ర దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. అతను గుత్తి ఇచ్చేశాడు. దాన్ని తీసుకెళ్ళి చిట్టి నడుముకి తన చేత్తో కట్టి, ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. ఏం అందో ఎవరికీ వినపడలేదు. చిట్టి మాత్రం ఏడుస్తూ నవ్వింది.

పైడయ్య టోపీ పెట్టుకున్నాడు. ఫణీంద్ర వంటవాడికి, ఎవరి వైపూ చూడకుండా, "ఆ గొడుగు ఎండలో పెట్టు, బూజు పట్టింది" అన్నాడు.

ఆటో ఎక్కాక మామ్మ మొహం మాడ్చుకుని కూచుంది. ఊక ఒంటి నిండా అంటుకుంది.

"ఏటి మామ్మా, గెలిచేం కదా!"

"ఏటి గెలవడం? బంగారప్పని. ఆ పని నానే సేసేనని అందరి ముందూ ఒప్పుకున్నాను. ఆవిడొచ్చి ఆ తప్పుని ఎత్తుకుపోయింది. ఇన్నాళ్ళకి నా దగ్గిర్నించి ఒకరు తీసుకెల్లిపోయేరురా."

ధనుంజయ్ పగలబడి నవ్వాడు. ఆటో మలుపు తిరిగాక అద్దంలోంచి వెనక్కి చూస్తూ అడిగాడు.

"నిజం సెప్పు మామ్మా. ఆవిడ మాట నీకు మొదటిపాలే ఇనపడింది కదా? కావాలనే అరిపించేవా, నిజంగానే ఆవిడని ఎల్లిపొమ్మన్నావా?"

గురుబారి మామ్మ చేతిని చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏటీ?"